పింక్‌టో టరాంటులా పిల్ల అడుగున ముడుచుకుని కూర్చుంటే: ముందు నీళ్ళు, తర్వాత గాలి, ఆఖరికి తిండి

తమ్ముడూ, నీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి నువ్వు చెప్పింది ముందు క్లుప్తంగా రాస్తున్నాను. రూపాయి బిళ్ళంత పింక్‌టో పిల్ల (చెట్ల మీద బతికే టరాంటులా, అంటే పెద్ద సాలీడు రకం) నీ దగ్గరికి వచ్చి నెల దాటింది. స్వీట్ల ప్లాస్టిక్ డబ్బాకు మూత మీద మాత్రం నాలుగు చిల్లులు పెట్టి, అడుగున తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వేసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు చల్లుతున్నావు. మొదట్లో మూత కింద గూడు కట్టుకుంది. ఇప్పుడు నాలుగు రోజులుగా అడుగున కాళ్ళు కిందికి మడుచుకుని కూర్చుంది, పురుగు వేస్తే పట్టడం లేదు, పొట్ట ఎండుద్రాక్షలా ముడుచుకుపోయింది. ఒకరు తడి టిష్యూ వేసిన డబ్బాలో పెట్టి మూసేయమన్నారు, ఇంకొకరు వేడికి బల్బు పెట్టమన్నారు. మీ ఇల్లు తిరుచానూరు రోడ్డులో, గది మిద్దె మీద, నెల మే.

బల్బు వద్దు. మూసేసిన తడి డబ్బా కూడా వద్దు. ఇది చదవగానే చేయాల్సింది నీళ్ళు తాగించడం, ఆ తర్వాత గాలి ఆడే డబ్బాలోకి మార్చడం. తిండి సంగతి రెండు రోజుల తర్వాత చూద్దాం.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నువ్వు రాసిన లక్షణాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది పొట్ట. టరాంటులా తినడం మానేస్తే చాలామంది భయపడతారు. తినకపోవడం ఒక్కటే అయితే అది జబ్బు కానే కాదు. కుబుసం విడిచే ముందు ఇవి వారాల తరబడి తినవు, పిల్లలు కూడా. అప్పుడు పొట్ట నిండుగా, గుండ్రంగా, కాస్త నల్లబడి మెరుస్తూ ఉంటుంది. గూడు నోరు మూసుకుని లోపల కదలకుండా ఉంటుంది. అలాంటిదాన్ని ముట్టుకోకూడదు. నీ పిల్లకు పొట్ట ముడుచుకుంది, కాళ్ళు కిందికి మడత పడుతున్నాయి, చెట్టు మీద బతికే సాలీడు పైన ఉండకుండా నేల పట్టింది. ఈ మూడూ కలిస్తే అది కుబుసం కాదు, దాహం.

కాళ్ళు ఎందుకు ముడుచుకుంటాయో తెలిస్తే ఏం చేయాలో నీకే తోస్తుంది. సాలీడు కాలు మడవడానికి కండరం ఉంది. కానీ కాలిలోని ముఖ్యమైన కీళ్ళను చాపడానికి కండరం లేదు. ఒంట్లో ఉండే ద్రవాన్ని కాళ్ళలోకి నెట్టి, ఆ ఒత్తిడితో చాపుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, కాళ్ళు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటాయి. అందుకే చచ్చిన సాలీడు కాళ్ళు ఎప్పుడూ కిందికి ముడుచుకునే ఉంటాయి. నీదింకా తాకితే కాలు కదుపుతోందని రాశావు కాబట్టి అవకాశం ఉంది. కానీ రేపటికి వాయిదా వేయొద్దు.

తాగించే పద్ధతి చెబుతాను. ప్లాస్టిక్ టబ్బు లేదా బకెట్ ఒకటి నేల మీద పెట్టుకో, పని అంతా అందులోనే జరగాలి. పింక్‌టోలు దూకుతాయి. నీరసంగా ఉన్నది కూడా ఒక్కోసారి ఉన్నట్టుండి ఎగురుతుంది. బల్ల మీది నుంచి కింద పడితే పొట్ట పగులుతుంది. టబ్బులో వాటర్ బాటిల్ మూత ఒకటి బోర్లించకుండా పెట్టి, అందులో నీళ్ళు అడుగు తడిసేంత మాత్రమే పోయి. పిల్లను చేత్తో పట్టుకోకు. వెనక నుంచి మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో నెమ్మదిగా నెట్టి, ఒక కాగితం ముక్క మీదికి ఎక్కించి, ముందు భాగం మూత అంచు మీద ఆనేలా దించు. దాని నోరు కోరల మొదళ్ళ మధ్య, కింది వైపు ఉంటుంది. ఆ చోటు నీళ్ళకు తగలాలి. పొట్ట మాత్రం మూత బయట, పొడిగా ఉండాలి. ఊపిరి తీసుకునే పుస్తకాకార ఊపిరితిత్తులు నాలుగూ పొట్ట అడుగున ఉంటాయి, నోటి దగ్గర కాదు. కాబట్టి మూతి నీళ్ళలో ఉన్నంత మాత్రాన మునిగిపోదు, పొట్ట అడుగు తడిస్తేనే ప్రమాదం.

మూత అంచు దానికి మరీ ఎత్తనిపిస్తే మూత తీసేసి, సూది లేని ఇన్సులిన్ సిరంజితో కోరల ముందు ఒక్క చుక్క పెట్టు. వీపు మీద పోయకు, నోట్లోకి పిచికారీ చేయకు. చుక్క తగలగానే తాగేది అయితే ముందు భాగం కాస్త దించి, కోరలు కొద్దిగా తెరిచి, అలాగే బిగుసుకుపోయినట్టు నిలబడుతుంది. దగ్గరగా చూస్తే చుక్క కొంచెం కొంచెంగా చిన్నదవుతూ కనిపిస్తుంది. అరగంట పట్టినా గంట పట్టినా కదిలించకు. వెనక నుంచి తెల్లటి నీళ్ళలాంటిది చిమ్మితే కంగారు పడకు, అది దాని మలం, ఈ జాతికి అలవాటే. బాగా తాగినదైతే మర్నాటికి పొట్ట మీది ముడతలు తగ్గుతాయి, కాళ్ళు కాస్త విచ్చుకుంటాయి. అంతగా తగ్గకపోతే రేపు మళ్ళీ తాగించు.

ఇక వాళ్ళు చెప్పిన తడి టిష్యూ డబ్బా గురించి. ఇంటర్నెట్‌లో దీన్ని ఐసీయూ అంటూ ఇప్పటికీ చెబుతుంటారు. నేల మీద బొరియల్లో ఉండే కొన్ని జాతులకు అది కొన్ని గంటలు పనికొచ్చినా, పింక్‌టోకు మాత్రం నేను ఒప్పుకోను. ఇది దక్షిణ అమెరికా ఉత్తర భాగం చెట్ల మీద పుట్టి పెరిగేది. అక్కడ వాన పడుతుంది, నిజమే. కానీ వెంటనే గాలి వీచి ఆకులు ఆరిపోతాయి. తడీ గాలీ రెండూ ఉంటాయి. మనం పుస్తకంలో తేమ ఎక్కువ కావాలని చదివి గాలి మాట మరిచిపోతాం. గాలి ఆడని తడి డబ్బాలో మొదట బూజు వస్తుంది, ఆ తర్వాత తెల్లటి చిన్న పేలలాంటి మైట్స్ వస్తాయి, చివరికి పిల్ల అడుగుకు దిగుతుంది. ఏ కారణమూ కనిపించకుండా పింక్‌టో పిల్లలు చచ్చిపోతాయని పెంపకందార్ల మధ్య పేరు పడిపోయింది. ఆ చావుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ ఉక్క డబ్బానే అని నా నమ్మకం.

అయితే నువ్వు అడగొచ్చు, రోజూ రెండు పూటలా నీళ్ళు చల్లినదానికి దాహం ఎలా వేసిందని. చల్లిన నీళ్ళు కోకోపీట్ తాగింది, పిల్ల కాదు. ఇది పైన గూట్లో ఉంటుంది, కింద ఎంత తడి ఉన్నా దానికి అందదు. గోడ మీద నిలిచిన చుక్క కావాలి, లేదా తన ఎత్తులో నీళ్ళు ఉండాలి. పైగా మిద్దె మీది గది మే నెలలో ఎంత కాగుతుందో తిరుపతిలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గోడ చుక్కలు ఆరిపోతాయి, మూత కింద వేడి ఆవిరి మాత్రం మిగులుతుంది.

డబ్బా ఇలా మార్చు. రూపాయి బిళ్ళంత పిల్లకు పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తున్న పారదర్శకమైన డబ్బా చాలు. పెద్దది పెడితే తిండి వెతుక్కోలేదు. డబ్బాను తలకిందులు చేసి వాడు, అంటే మూత నేల అవుతుంది. పింక్‌టో ఎప్పుడూ పైకప్పుకు ఆనుకుని గూడు కడుతుంది. మూత పైన ఉంటే తెరిచిన ప్రతిసారీ దాని ఇల్లు చింపినట్టే. తలకిందులు డబ్బాలో మూత కింద ఉంటుంది కాబట్టి గూడు కదలకుండా శుభ్రం చేసుకోవచ్చు. చిల్లులు మూతకు కాదు, పక్క గోడలకు పెట్టాలి. ఒక వైపు కిందగా కొన్ని, ఎదుటి వైపు పైన కొన్ని. అప్పుడే గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు పోతుంది. సూదిని స్టౌ మీద కాల్చి గుచ్చు. చిల్లు పిల్ల వీపు మీది గట్టి పెంకు కంటే చిన్నదిగా ఉండాలి, ఆ పెంకు పట్టే సందు ఉంటే ఒళ్ళంతా పట్టిస్తుంది. కాల్చిన ప్లాస్టిక్ వాసన పోయేదాకా డబ్బా ఎండలో పెట్టి, కడిగి, ఆరబెట్టి అప్పుడు వాడు.

లోపల రెండు మూడు సెంటీమీటర్ల కోకోపీట్ వెయ్యి, పొడిగా. ఒక మూల మాత్రం తడుపు. నిలువుగా ఒక చెట్టు బెరడు ముక్కో, వెదురు బద్దో గోడకు వాల్చు. అది మందు కొట్టని చెట్టుదై ఉండాలి, ముందు వేడినీళ్ళలో కాచి ఎండబెట్టాలి. పైన రెండు ప్లాస్టిక్ ఆకులు అతికిస్తే గూటికి పట్టు దొరుకుతుంది. ముఖ్యమైనది నీళ్ళ మూత. మాత్రల సీసా మూత లాంటి చిన్నది తీసుకుని గోడకు సగం ఎత్తులో హాట్ గ్లూతో అతికించి, అందులో ఎప్పుడూ నీళ్ళు ఉండేలా చూడు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే గోడల మీద తెల్లటి మరకలు కడతాయి, తాగే క్యాన్ నీళ్ళే వాడు.

చల్లడం పూర్తిగా మానొద్దు, తీరు మార్చు. సాయంత్రం పూట ఒక పక్క గోడకు, ఆకులకు మాత్రమే, పిల్ల మీద పడకుండా. ఎన్ని రోజులకు ఒకసారి అని అడిగితే లెక్క చెప్పడం కంటే పరీక్ష చెప్పడం మేలు. చల్లిన చుక్కలు మర్నాటికి ఆరిపోవాలి. ఆరకపోతే ఇంకొన్ని చిల్లులు పెట్టు. గంటలోనే ఆరిపోతుంటే రోజు విడిచి రోజు చల్లు. ఇప్పుడు కత్తెర ఎండల్లో రోజు విడిచి రోజు అవసరమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి, గాలే తడిగా ఉంటుంది, అప్పుడు నీళ్ళ మూత ఒక్కటే చాలు.

వేడి సంగతి. మన ఊళ్ళో వేసవిలో బయట నలభై దాటుతుంది. పింక్‌టోకు ఇరవై నాలుగు నుంచి ముప్పై డిగ్రీలు హాయి, ముప్పై రెండు కూడా తట్టుకుంటుంది. నీ గదిలో అక్వేరియం షాపుల్లో దొరికే చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టి మధ్యాహ్నం మూడింటికి చూడు. ముప్పై అయిదు దాటితే డబ్బాను కింద ఇంట్లోకి మార్చెయ్యి. అమ్మానాన్నలకు ఇష్టం లేదని రాశావు, ఈ రెండు నెలలకు ఒప్పించు. ఉత్తరపు గోడ వైపు, ఎండ పడని చోట, కింది అర మీద పెట్టు. అదీ కుదరకపోతే మూత లేని థర్మాకోల్ పెట్టెలో డబ్బా పెట్టి, గడ్డకట్టిన నీళ్ళ బాటిల్‌ను తువ్వాలుతో చుట్టి పక్కన ఆనకుండా ఉంచు. కూలర్ గాలి సూటిగా తగలనివ్వకు. ఏసీ గదిలో అయితే గాలి పొడిబారుతుంది, నీళ్ళ మూత రోజూ చూసుకో. బల్బు మాట ఎత్తకు. ఒంట్లో నీళ్ళు లేని పిల్లకు బల్బు వేడి తగిలితే ఉన్న కాస్త నీరూ పోతుంది. తిరుపతి చలికాలంలో కూడా పింక్‌టోకు హీటర్ అక్కర్లేదు.

తిండి. పొట్ట నిండి, కాళ్ళు విచ్చుకుని, పిల్ల మళ్ళీ గోడ ఎక్కాకే పెట్టు. మొదటిసారి బతికున్న పురుగు వద్దు. పక్షులకు, అరోవానా చేపలకు అమ్మే మీల్‌వర్మ్‌ను అప్పుడే చంపి, ముక్క చేసి, మెత్తటి లోపలి భాగం పైకి ఉండేలా గూటి దగ్గర పెట్టు. క్రికెట్ పురుగు దొరికితే దాని వెనక కాలు ఒకటి చాలు. రాత్రి పెట్టి పొద్దున తీసెయ్యి, తిన్నా తినకపోయినా. బలం వచ్చాక బతికున్నది ఇవ్వొచ్చు, దాని పొట్ట కంటే పెద్దది మాత్రం కాకూడదు. పొలం నుంచి మిడతలు పట్టి తెచ్చి వేస్తున్నానన్నావు, అది ఈ రోజుతో ఆపు. మన చిత్తూరు వైపు మామిడి తోటల్లో పూత సమయంలో తేనెమంచు పురుగుకు మందు కొడతారు, కూరగాయల మళ్ళకైతే ఏడాది పొడవునా కొడతారు. మిడత బతికే ఉన్నా దాని ఒంట్లో మందు ఉండొచ్చు. పెద్దవాటికి ఏమీ కాకపోయినా ఇంత పిల్లకు అది చాలు.

మందుల మాట వచ్చింది కాబట్టి ఇంట్లో ఇంకేం వాడుతున్నారో ఒకసారి చూడు. దోమల మందు మెషిన్లు, కాయిల్స్, చీమల చాక్‌పీసు, బొద్దింకల స్ప్రే, వీటిలో చాలావాటిలో పైరెత్రాయిడ్ మందులు ఉంటాయి. దోమ నరాల మీద ఎలా పనిచేస్తాయో సాలీడు నరాల మీదా అలాగే పనిచేస్తాయి. మందు తగిలిన పిల్ల దాహంతో ఉన్నదానిలా ఊరికే ముడుచుకోదు. వణుకుతుంది, కాళ్ళు ఒకదానికొకటి పొంతన లేకుండా ఎగరేస్తుంది, నడవబోయి దొర్లుతుంది. అలా కనిపిస్తే వెంటనే కొత్త డబ్బా, కొత్త కాగితం, మంచి గాలి, నీళ్ళు. ఇంట్లో ఇచ్చే విరుగుడు ఏదీ లేదు, కొన్ని కోలుకుంటాయి, కొన్ని కోలుకోవు. డబ్బా ఉన్న గదిలో మెషిన్ తీసేసి దోమతెర కట్టుకో. మునిసిపాలిటీ వాళ్ళు వీధిలో పొగ కొట్టేటప్పుడు కిటికీలు వేసి, డబ్బాను లోపలి గదిలో పెట్టు. అమ్మ శుక్రవారం సాంబ్రాణి వేస్తే ఆ కాసేపు కూడా అంతే. కుక్కకు గోమారి మందు పూసిన చేత్తో, దోమల క్రీము రాసుకున్న చేత్తో డబ్బా తెరవకు.

చీమల చాక్‌పీసు మానేస్తే చీమలు వస్తాయి, ఇంత పిల్లను గంటలో చంపేస్తాయి. దానికి మన ఇళ్ళలో పాత ఉపాయమే ఉంది. వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద డబ్బా పెట్టు. పళ్ళెం గోడకు తగలకుండా చూసుకో.

కుబుసం గురించి ఒక్క మాట, ఎందుకంటే ఈ గండం గట్టెక్కాక తప్పకుండా వచ్చేది అదే. ఒక రోజు అది వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకి పెట్టి కనిపిస్తుంది, లేదా గూట్లో పక్కకు ఒరిగి ఉంటుంది. చచ్చిందనుకుని కదిలించి చంపుకున్నవాళ్ళు ఎందరో. చచ్చినది ఎక్కువగా బోర్లా ఉండి కాళ్ళు కిందికి ముడుచుకుంటుంది. వెల్లకిలా ఉన్నది బతికి ఉంది, పనిలో ఉంది. డబ్బా కదపకు, ఊదకు, నీళ్ళు చల్లకు. కుబుసం విడిచాక ఒళ్ళు మెత్తగా పాలిపోయి ఉంటుంది, కోరలు తెల్లగా ఉంటాయి. తెలుపు ఎరుపై, ఎరుపు నలుపయ్యాకే తిండి. పిల్లలకు నాలుగైదు రోజులు పట్టొచ్చు, తొందరేం లేదు. ఆ సమయంలో లోపల బతికున్న పురుగు ఉంటే అదే దీన్ని కొరుకుతుంది. ఇంకో సంగతి, పిల్లప్పుడు దీని కాళ్ళ చివర్లు నల్లగా, ఒళ్ళు లేత రంగులో ఉంటాయి. పెరిగేకొద్దీ ఒళ్ళు నల్లబడి చివర్లు గులాబీ రంగుకు వస్తాయి. నాకు వేరే జాతి ఇచ్చారేమో అన్న అనుమానం పెట్టుకోకు.

నీ ఆఖరి ప్రశ్నకు జవాబు. ఇది దక్కకపోతే కపిలతీర్థం వెనక కొండ చెట్ల తొర్రల్లో పెద్ద సాలీళ్ళు ఉంటాయట, ఒకటి తెచ్చుకోవచ్చా అని అడిగావు. వద్దు. అది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 1989 నుంచి. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా కూడా ప్రకటించారు. అక్కడి నుంచి ఏ ప్రాణిని పట్టి తెచ్చినా వన్యప్రాణి చట్టం కింద నేరం. మన తూర్పు కనుమల చెట్టు టరాంటులాలు పొయ్‌సిలోథేరియా అనే ప్రజాతివి. 2019లో ఆ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్యం మీద నియంత్రణ ఉండే సైటీస్ రెండో అనుబంధంలో చేర్చారు. అనంతపురం జిల్లా గుత్తి పేరు మీద ప్రపంచమంతా ఎరిగిన నీలి సాలీడు సంగతి విన్నావు కదా. గుత్తిలో దొరికిన ఒక్క నమూనాను బట్టి 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. మళ్ళీ కనబడడానికి శతాబ్దం పట్టింది, అదీ నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో. 2008 నుంచి అది అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్నవాటి జాబితాలో ఉంది. ఈ ప్రజాతికి తొర్రలున్న ముసలి చెట్లే ఇల్లు. ఆ చెట్లు తగ్గిపోతున్నాయి, ఆ మీద మనం చెయ్యి పెడితే ఏం మిగులుతుంది? పైగా ఈ సాలీళ్ళ కాటు పింక్‌టో కాటులా పోయేది కాదు. కండరాల నొప్పులు, పట్టేయడం రోజుల తరబడి ఉంటాయి. ఎక్కడైనా కనిపిస్తే దూరం నుంచి ఫొటో తీసుకుని వచ్చేయ్. చెట్టు కొట్టేసిన చోట నేల మీద పడి ఉంటే అటవీ శాఖ వాళ్ళకు చెప్పు.

ఇప్పటికి ముందు తాగించు. రేపు సాయంత్రం పక్క నుంచి, పొట్ట కనిపించేలా ఫొటో ఒకటి తీసి ఇక్కడే పెట్టు, గదిలో మధ్యాహ్నం మూడింటికి ఎన్ని డిగ్రీలు ఉందో కూడా రాయి. ఆ రెండూ చూసి రెండోసారి తాగించాలా, తిండి ఎప్పుడు మొదలుపెట్టాలా చెబుతాను.